ఫోన్ చూపిస్తేనే అన్నం తింటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మా బాబుకి రెండేళ్లు దాటాయి. ఫోన్లో వీడియో పెడితేనే నోరు తెరుస్తాడు, ఆపితే ముద్ద బుగ్గలోనే దాచుకుని ఏడుస్తాడు. ఈ మధ్య కళ్లు నలుపుకుంటుంటే టెన్షన్‌గా ఉంది. రేడియేషన్ వల్లా?

జవాబు (పిల్లల డాక్టర్‌ని): రేడియేషన్ కాదండీ. స్క్రీన్ చూస్తున్నంతసేపూ రెప్పలు తక్కువ వేస్తాం, దాంతో కళ్లు పొడిబారతాయి. అలర్జీ కూడా కావచ్చు, ఒకసారి కంటి డాక్టరుకి చూపించండి. ఈ వయసుకి రోజుకి గంట మించొద్దని 2019లోనే డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది. బొమ్మలు చూస్తూ తింటే కడుపు నిండిందో లేదో వాడికి తెలియదు, నా దృష్టిలో అదే పెద్ద నష్టం.

జవాబు: మా పాపకి ఒక్కసారే మానిపించాం అక్కా. మూడు రోజులు సరిగ్గా తినలేదు, నాకూ ఏడుపొచ్చింది. నాలుగో రోజు పప్పన్నం గిన్నె తన చేతికే ఇస్తే సగం ఒంటికి పూసుకుని మిగతాది తినేసింది.

ప్రశ్న అడిగినవారు: ఈ రాత్రి నుంచే మొదలుపెడతాం. ముందు మా అత్తగారిని ఒప్పించాలి.