సమాధి రాళ్ల మీద ‘రెలిక్ట్’ అంటే ఎవరు?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో గ్లాస్టర్‌షైర్‌లోని పెయిన్స్‌విక్ చర్చి ఆవరణలో ఉన్న పాత సమాధుల గురించి తెలుగులో రాస్తున్నాను. ఆ కాలపు సమాధి రాళ్ల మీద భర్త పేరు కింద భార్య పేరు, దాని పక్కన ‘రెలిక్ట్ ఆఫ్ ది అబవ్’ అని కనిపిస్తోంది. నిఘంటువు ‘అవశేషం’ అంటోంది. మనిషిని అలా అనగలమా అండీ?

జవాబు: అనలేమండీ. ‘అవశేష జాతి’ అని జీవశాస్త్రంలో వాడుకోవచ్చు, ఇక్కడ మాత్రం వద్దు. ‘రెలిక్ట్’ అనేది లాటిన్‌లో ‘వెనక వదిలివెళ్లిన’ అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. భర్త పోయాక మిగిలిన భార్య అన్నమాట. ఆమె ముందు పోతే రాతి మీద ‘వైఫ్’ అని, ఆయన పోయిన తర్వాత ఆమె పోతే ‘రెలిక్ట్’ అని చెక్కేవారు. తేదీలు అరిగిపోయినా, ఎవరు ముందు పోయారో ఆ ఒక్క మాట చెబుతుంది. వంశవృక్షాలు వెతికేవాళ్లకు ఇది చాలా విలువైన ఆధారం.

మన దగ్గర వాడుక తలకిందులు. భర్త కంటే ముందు పోయిన ఆవిడను ‘ముత్తైదువుగా పోయింది’ అని ప్రత్యేకంగా చెప్పుకుంటాం. తర్వాత పోయిన ఆవిడకు అలా ప్రత్యేకంగా చెప్పే మాట లేదు. ‘విధవ’ తిట్టుగా మారిపోయింది, దాన్ని మాత్రం దయచేసి రాయొద్దు. ‘పై వారి భార్య, భర్త మరణానంతరం జీవించి కన్నుమూశారు’ అని విడమర్చి రాయడమే నాకు నచ్చుతుంది. పొడవైతే అవనివ్వండి.

మరొకరు: అక్కడి సమాధులు చాలావరకు ఉన్ని బట్టల వ్యాపారంలో గడించిన కుటుంబాలవి. ఊరి దగ్గరి సున్నపురాయినే చెక్కారు. బల్లల్లాంటివి, పెట్టెల్లాంటివి, గుండ్రటి స్తంభాల్లాంటివి ఉన్నాయి. గుండ్రటివాటిని ‘టీ క్యాడీ’ అంటారు, టీపొడి డబ్బా ఆకారమని. చెక్కిన శిల్పుల్లో బ్రయన్ కుటుంబానిది పెద్ద చెయ్యి. 1787లో పోయిన జాన్ బ్రయన్ సమాధి మాత్రం పిరమిడ్. ఆ సున్నపురాయి మెత్తన, వానకు అక్షరాలు చెరిగిపోతాయి. రాగి రేకుల మీద చెక్కించినవాళ్ల పేర్లు ఇప్పటికీ చదవగలం.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. విడమర్చే రాస్తాను. ‘రెలిక్ట్’ అనే మాటను మూలంలో ఉన్నట్టే ఉంచి, మొదటిసారి వచ్చినచోట వివరణ ఇస్తాను.