ఇంట్లో సాధనకు, అన్ని బాణీలకూ పనికొచ్చే ఎలక్ట్రిక్ గిటార్ ఆంప్ ఏది?

ఆరుతీగలు (అనంతపురం):
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ అకౌస్టిక్ గిటార్ వాయించిన నేను ఇటీవలే ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను, దానికి ఆంప్ (ధ్వనిని పెంచి వినిపించే యాంప్లిఫయర్) కావాలి. మేముండేది మేడమీద అద్దె వాటా. కింద ఇంటివాళ్లు, వారి పెద్దవాళ్లు ఉంటారు కనుక రాత్రి భోజనాలయ్యాక నేను సాధన చేసే వేళ చప్పుడు గది దాటకూడదు. సినిమా పాటలు, రాక్ డిస్టార్షన్ (కావాలని చిట్లించిన గరుకు ధ్వని), వాటితోపాటు గురువుగారి దగ్గర నేర్చుకున్న గీతాలు, వర్ణాలు కూడా దీనిమీదే పలికించాలని నా కోరిక. దుకాణంలో 50 వాట్లది తీసుకోమన్నారు, స్నేహితుడు వాల్వ్ ఆంప్ (పాతకాలపు గాజు వాల్వులతో పనిచేసేది) తప్ప మరొకటి వద్దంటున్నాడు, ఇంట్లోవాళ్లేమో హోమ్ థియేటర్‌కే తగిలించుకోమంటున్నారు. ఖర్చు 20,000 రూపాయలు దాటకూడదు. దయచేసి సలహా చెప్పగలరు.

తుంగభద్ర తీరం (కర్నూలు):
వాట్ల అంకెను చూసి మురిసిపోనక్కర్లేదండి. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలుగా వినిపించాలంటే దాదాపు 10 రెట్ల శక్తి కావాలి. అంటే ఒకే స్పీకరు మీద 5 వాట్లకూ 50 వాట్లకూ మధ్య మనకు తోచే తేడా ఒక్క రెట్టింపే. వాల్యూమ్ బాగా తగ్గించినప్పుడు కూడా ధ్వని నిండుగా ఉందా అన్నదే మీరు దుకాణంలో పరీక్షించవలసిన విషయం.

మీ స్నేహితుడి మాటలో నిజం ఉంది. వాల్వులను గట్టిగా తోసినప్పుడు ధ్వని చిట్లే తీరు చాలా అందంగా ఉంటుంది. అయితే 15 వాట్ల వాల్వ్ ఆంప్ ఆ స్థితికి చేరేసరికి కింది వాటాలో నిద్రపోవడం ఎవరి తరమూ కాదు. హోమ్ థియేటర్ మాత్రం వద్దు. గిటార్ పికప్‌కు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగానికి) సుమారు 1 మెగాఓమ్ ఇంపిడెన్స్ (విద్యుత్ నిరోధం వంటిది) ఉన్న ఇన్‌పుట్ కావాలి, అది లేకపోతే పై స్వరాల మెరుపు పోతుంది. పైగా గిటార్ స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ పైనున్న ధ్వనిని చాలావరకు తగ్గించేస్తుంది కాబట్టే డిస్టార్షన్ వినసొంపుగా ఉంటుంది. హోమ్ థియేటర్ ట్వీటరులో (పై స్వరాలు పలికే చిన్న స్పీకరులో) అదే డిస్టార్షన్ గరగరలాడుతుంది.

మీకు మోడలింగ్ ఆంప్ (రకరకాల ఆంపుల ధ్వనిని డిజిటల్‌గా అనుకరించేది) సరిపోతుంది. ఫెండర్ మస్టాంగ్ ఎల్‌టీ25లో 25 వాట్లు, 8 అంగుళాల స్పీకరు, హెడ్‌ఫోన్ సాకెట్ ఉంటాయి. నా ఓటు దానికే. బాస్ కంపెనీవారి కటానా మినీ 7 వాట్లదే అయినా ఆరు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది కాబట్టి వేసవిలో కరెంటు పోయినా సాధన ఆగదు. హెడ్‌ఫోన్లు మాత్రం వైరు ఉన్నవే వాడండి, బ్లూటూత్‌లో మీటిన స్వరం ఆలస్యంగా వినిపించి తాళం తప్పుతుంది.

బండల ఇల్లు (కడప):
పైవారి మాటతో ఏకీభవిస్తూనే గది గురించి కూడా చెప్పాలి. మన ఇళ్లలో నేల కడప బండలది, గోడలు ఉత్తవి. అలాంటి గదిలో ఆంప్‌ను నేలమీద ఓ మూలన పెడితే మంద్రం బొయ్యిమని ఉబ్బి, ఆ అదురు నేల గుండా కింది వాటాకు దిగుతుంది. స్టూలు మీద మందపాటి బొంత మడిచి వేసి, గోడకు ఎడంగా, మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తుకు వచ్చేలా పెట్టండి. తక్కువ శబ్దంలో మన చెవికి మంద్రం సరిగా అందదని శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు కనుక రాత్రి సాధనకు ఆంప్‌లో బాస్ (మంద్ర ధ్వని) కొంచెం పెంచుకోవచ్చు. పగలు వాల్యూమ్ పెంచినప్పుడు దాన్ని మళ్లీ తగ్గించాలి.

వర్ణాల సంగతి నాకు చాలా ఇష్టమైనది. మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలను ఎంత నిండుగా పలికించారో విన్నవారికి మీ కోరిక వింతగా తోచదు. క్లీన్ ఛానల్ (డిస్టార్షన్ లేని ధ్వని) తీసుకుని కంప్రెసర్‌ను (హెచ్చుతగ్గులను సమం చేసే ఎఫెక్టును) కొద్దిగా కలిపితే స్వరం నిలిచి, జారు (స్వరం నుంచి స్వరానికి జారే గమకం) చివరిదాకా వినిపిస్తుంది. ముఖ్యంగా నాయిస్ గేట్ (శబ్దం సన్నబడగానే దాన్ని పూర్తిగా ఆపేసే ఎఫెక్టు) ఆపేయండి: మోడలింగ్ ఆంపుల్లోని రాక్ ప్రీసెట్లలో (ముందే అమర్చి ఉంచిన ధ్వనుల్లో) అది తరచూ వేసే ఉంటుంది, సన్నగిల్లుతున్న కంపితాన్ని (స్వరాన్ని ఊపే గమకాన్ని) మధ్యలోనే తుంచేస్తుంది. కొనేముందు ఒక వర్ణం పల్లవిని క్లీన్ ఛానల్లో, అతి తక్కువ వాల్యూమ్‌లో వాయించి చూడండి. అక్కడ నచ్చని ఆంప్‌ను ఎన్ని ఎఫెక్టులున్నా తీసుకోవద్దు.

ఆరుతీగలు (అనంతపురం):
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న స్నేహితుడి ఆంప్ తెచ్చి మా గదిలో పెడితే ఎడతెగని గుర్రుమనే శబ్దం వచ్చింది. తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతోంది. ఇది ఆంప్ లోపమా?

తుంగభద్ర తీరం (కర్నూలు):
ఆంప్‌ను అనుమానించే ముందు ఎర్తింగ్ చూపించండి. మన నేల వేసవిలో ఎండి బిగుసుకుపోతే ఎర్త్ గుంత సరిగా పనిచేయదు. ఇంటివారి అనుమతితో ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించి, గుంతలో నీళ్లు పోయిస్తూ ఉండండి. ఎర్తింగ్ సరయ్యేదాకా ఆ సాకెట్లో ఆంప్ వాడకండి, తీగలు తాకి ఉండే చేతికి అది ప్రమాదం. ప్లగ్గులోని మూడో పిన్నును ఎవరు తీసేయమన్నా తీయవద్దు. ఆ తర్వాత కూడా సన్నని రొద మిగిలితే సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ దానికి కారణం కావచ్చు. ఫ్యాన్ రెగ్యులేటరుకు దూరంగా జరిగి, గిటార్‌ను అటూ ఇటూ తిప్పి చూస్తే తగ్గే కోణం దొరుకుతుంది.