క్వార్టర్‌బ్యాక్ ఒక్కడు చాలా? చుట్టూ ఉన్నవాళ్ళ వాటా ఎంత?

ఫ్రిస్కో_బావ:
ఆదివారం ఫ్రెండ్ ఇంట్లో NFL (అమెరికన్ ఫుట్‌బాల్) మ్యాచ్ చూస్తూ పెద్ద గొడవ. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మంచోడైతే చాలు, బంతి పట్టేది ఎవడైనా ఒకటేనని మావాడి వాదన. క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ ఆడిన 2010లో కోల్ట్స్ టీమ్ వాళ్ళు 10 మ్యాచ్‌లు గెలిచారు, మెడ ఆపరేషన్‌తో అతను కూర్చున్న 2011లో రెండే. మిగతా టీమ్ చాలావరకు అదేగా అన్నాడు. నేను బిరియానీ ప్లేటు పట్టుకుని నోరు మూసుకున్నా. మీరు చెప్పండి.

జెర్సీ_కుర్రోడు:
బావా, 2008 పేట్రియాట్స్ సంగతి అడగాల్సింది. మొదటి మ్యాచ్‌లోనే వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ బ్రేడీ మోకాలు పోయింది, బెంచి మీది మ్యాట్ కాసెల్ వచ్చాడు, అయినా 11 గెలిచారు. కాకపోతే నిజం చెప్పుకోవాలి, ముందు ఏడాది 589 పాయింట్లు కొట్టిన టీమ్ ఆ ఏడాది 410 దగ్గర ఆగింది. బంతి పట్టే మాస్, వెల్కర్ ఇద్దరూ ఉండగానే మ్యాచ్‌కి 11 పాయింట్లు తగ్గాయి. అంటే మీవాడు చెప్పినంత కాదు గానీ, తక్కువేం కాదు.

ఒహాయో_అక్క:
మీరిద్దరూ లైన్‌ని, అంటే క్వార్టర్‌బ్యాక్ ముందు అడ్డుగా నిలబడి కాపాడేవాళ్ళని, వదిలేశారు! 2021లో మా బెంగాల్స్ డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ళని ఎంచుకునేటప్పుడు) లైన్‌లో ఆడే టాకిల్ సీవెల్‌ని తీసుకోవాలా, బంతి పట్టే రిసీవర్ చేజ్‌ని తీసుకోవాలా అని మా ఇంట్లోనే వారం రోజులు మాటల్లేవు. చేజ్ వచ్చాడు, 1,455 గజాలు లాగాడు, నేనే ఓడిపోయా అనుకున్నా. ఆ సీజన్ ఫైనల్ సూపర్ బౌల్‌లో మా క్వార్టర్‌బ్యాక్ బరోని ఏడుసార్లు సాక్ చేశారు (బంతి విసిరేలోపే పడేశారు), మూడు పాయింట్లతో ఓడాం. మా ఆయన "బంతి వదులు, వదులు" అని అరుస్తూనే ఉన్నాడు, వదలడానికి టైమేదీ?

మూడో_డౌన్:
అక్క చెప్పిందే కరెక్ట్. చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌నే చూడండి. 2022లో రిసీవర్ టైరీక్ హిల్‌ని మయామీకి పంపేశారు, ఇక అయిపోయింది అన్నారందరూ, చీఫ్స్ పాయింట్లు 480 నుంచి 496కి పెరిగాయి, కప్పూ కొట్టారు. అదే మహోమ్స్, 2021 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో బక్స్ (టాంపా బే టీమ్) మీద ఆడినప్పుడు హిల్ ఉన్నాడు, కెల్సీ ఉన్నాడు, లేనిది రెగ్యులర్ టాకిల్స్ ఇద్దరే. పాపం బంతి పట్టుకుని మైదానమంతా పరిగెత్తాడు. తొమ్మిదే పాయింట్లు, బంతిని చివరి గీత దాటించే టచ్‌డౌన్ ఒక్కటీ లేదు. రిసీవర్ పోతే సర్దుకున్నాడు, లైన్ పోతే సర్దుకోలేకపోయాడు.

జెర్సీ_కుర్రోడు:
లైన్ అంటే నా పుండు మీద కారం చల్లడమే. బంతి పట్టుకుని పరిగెత్తే సేక్వాన్ బార్క్‌లీ 2023లో మా జెయింట్స్‌కి 962 గజాలు పరిగెత్తాడు, గాయంతో మూడు మ్యాచ్‌లు పోయాయనుకోండి. మరుసటి ఏడాది ఈగిల్స్‌కి వెళ్ళి, వాళ్ళ గట్టి లైన్ వెనక 2,005! ఆ జెర్సీ ఇంకా నా అల్మారాలోనే ఉంది, వేసుకోలేను, పారేయలేను.

ఫ్రిస్కో_బావ:
మరి క్వార్టర్‌బ్యాక్ డార్నాల్డ్? జెట్స్‌లో పనికిరాడన్నారు, 2024లో వైకింగ్స్‌కి వచ్చి రిసీవర్ జెఫర్సన్ పక్కన 35 టచ్‌డౌన్లు వేశాడు. ప్లేఆఫ్‌లో రామ్స్ తొమ్మిదిసార్లు సాక్ చేసేసరికి పాత డార్నాల్డ్ కనిపించాడు.

మూడో_డౌన్:
అక్కా, 2021 సీజన్ ప్లేఆఫ్‌లో బరోని కూడా టైటన్స్ తొమ్మిదిసార్లే కదా పడేసింది? అయినా గెలిచాడు. ఆ తేడా క్వార్టర్‌బ్యాక్‌దే అంటాడేమో బావగారి ఫ్రెండు.

ఒహాయో_అక్క:
అననీ. ఆ రోజు టైటన్స్ క్వార్టర్‌బ్యాక్ టానహిల్ మూడు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడని (బంతి మావాళ్ళ చేతికే విసిరాడని) చెప్పండి. మా డిఫెన్స్ లేకపోతే బరో ఆ సాయంత్రమే ఇంటికెళ్ళేవాడు.