అప్‌డేట్: మలుపు దగ్గర బొమ్మ రైలింజన్ ఆగిపోయే సమస్య తీరింది

పోయిన నెల అడిగా కదా, ప్లైవుడ్ మీద వేసుకున్న హెచ్‌ఓ సైజు (అసలు రైల్లో 87వ వంతు) బొమ్మ రైలు లేఅవుట్‌లో ఇంజన్ నమూనా పెన్నా బ్రిడ్జి దాటంగానే నీరసపడి మలుపులో నిలబడిపోతా ఉందని. అందరికీ థ్యాంక్సండీ. వోల్టేజీ చూడమన్న అన్న చెప్పిందే కరెక్టు. నెల్లూర్లో మా వీధి టీవీ మెకానిక్ మల్టీమీటర్ పెట్టి చూస్తే వైర్లు తగిలించిన చోట 12 వోల్టులు, అవతలి మలుపులో 7 కూడా లేదు. కారణం నేనే! కంకర బదులు పెన్నా ఇసుక సన్నగా జల్లించి పోసి, కదలకుండా తెల్ల గమ్ము నీళ్లలో కలిపి చల్లా, అది పోయి పట్టాల జాయినర్లలో (ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి కరెంటు దాటించే రేకు ముక్కలు) దూరి ఎండిపోయింది, ఇంక కరెంటు ఎట్టా పోద్ది. జాయినర్లు పీకితే పట్టాలు వంగుతాయని, వాటి జోలికి పోకుండా మూడు చోట్ల కింద నుంచి వైర్లు తెచ్చి పట్టాలకి బయటి పక్క సోల్డరింగ్ చేశాం (లోపలి పక్క చేస్తే చక్రాలకి తగులుద్ది). ఇప్పుడు ఐదు పెట్టెలు లాక్కుని ఆగకుండా తిరగతా ఉంది.

మిగతావాళ్లు చెప్పిన చక్రాలు స్పిరిట్‌తో తుడవడం, మోటారుకి ఆయిల్ వెయ్యడం మంచివే గానీ దీనికి సంబంధం లేదు. కొత్త కంట్రోలర్‌కి (పట్టాలకి కరెంటు ఇచ్చే డబ్బా) మాత్రం డబ్బులు దండగ చేశా. ఇసుకలో అయస్కాంతం తిప్పమన్నారు చూడండి, తిప్పితే నల్లపొడి బాగానే అంటుకునింది, అది మోటార్లోకి పోకముందే తీసేశా.