అప్‌డేట్: బారిస్టర్ పార్వతీశం మధ్యలో ఆగిపోయిన సంగతి

గుర్తుందా, నా 'బారిస్టర్ పార్వతీశం' నవల కాపీలో కథ ఇంగ్లండ్ చేరాక ఠక్కున ఆగిపోయింది, పేజీలు ఊడిపోయాయా అని అడిగాను. పేజీలన్నీ ఉన్నాయండీ. "అది మొదటి భాగమే అయ్యుంటుంది, మొత్తం మూడు" అన్నవాళ్ళే కరెక్ట్. థాంక్సండీ.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారు మొదటి భాగం 1924లో వేశారట, మిగతా రెండూ చాలా ఏళ్ళ తర్వాత. నా అట్ట మీద 'మొదటి భాగం' అన్న ముక్కే లేదు. బైండింగ్ విప్పి చూడమన్న సలహా పాటించి పాత పుస్తకాన్ని అనవసరంగా పాడుచేసుకున్నాను. కొట్టువాడితో గొడవ కూడా దండగే.

మూడూ ఒకే సంపుటంగా ఉన్నది కొని పూర్తిచేశాను. నా మటుకు మొదటి భాగమే గొప్పది. పార్వతీశం ఆడవాళ్ళ టోపీ అని తెలీక కొనుక్కుని దర్జాగా పెట్టుకున్న చోట రైల్లో పక్కాయన నన్ను వింతగా చూసేంత నవ్వాను. రెండోది ఫర్వాలేదు. మూడోదాంట్లో తిరిగొచ్చి ప్రాక్టీసు, స్వాతంత్ర్యోద్యమం... పార్వతీశం పెద్దమనిషైపోయాడు, నాకు మొదటి భాగంలోని ఆ మొగల్తూరు కుర్రాడే కావాలి.

కొనేవాళ్ళు ముందు విషయసూచిక చూసుకోండి.