అప్‌డేట్: తాతగారి కుంట కట్ట, పిల్లల ఈత

తోటలో తాతగారు కట్టించిన నాలుగు మీటర్ల మట్టికట్ట దిగువన తడి కనిపిస్తోందని, ఆ కుంటలో పిల్లలు ఈత కొట్టవచ్చా అని వేసవిలో అడిగాను కదా. విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు ఒకరు వచ్చి చూశారు. ఊట నీటిని గాజు సీసాలో పట్టి నిలవ ఉంచితే అడుగున మన్ను పేరలేదు. నీరు బురదగా మారితే మాత్రం కట్ట లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టేనట.

అసలు ప్రమాదం అలుగు దగ్గర, అంటే కుంట నిండితే మిగులు నీరు బయటికి పోయే చోట ఉంది. చేపలు పోకుండా మేమే కట్టిన వలకు చెత్త పట్టి సగం మూసుకుపోయింది! దారి లేక వరద కట్ట పైనుంచి పొర్లితే మట్టికట్ట నిలవదు. వల ఆ రోజే పీకేశాం.

2021 ఆనకట్టల భద్రతా చట్టం పది మీటర్ల లోపు కట్టలకు వర్తించదు. అంటే మా కట్టను మేమే కనిపెట్టుకోవాలి. ఈతకు తూము వైపు వెళ్లకూడదు, అది తెరిస్తే మనిషిని లాగేస్తుంది. అటువైపు తాడు కట్టాం. పిల్లలు అలిగారు.