మామూలు చెస్ బోర్డు మీదే కొత్త పావులతో ఆడాలంటే దేనితో మొదలుపెట్టాలి?

బ్రోడీపేట_బంటు:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మా అబ్బాయి ఏడో తరగతి, టోర్నమెంట్లకి వెళ్తుంటాడు. గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణ, హారికల ఊరు కదా, ఇక్కడ పిల్లాడు చెస్ ఆడుతున్నాడంటే ఇంటిల్లిపాదీ పట్టించుకుంటారు. వాడికి ఆట నేర్పింది మా మామగారు. ఇప్పుడేమో ఆయనతో ఆడనంటున్నాడు. ఓపెనింగులు వాడికి బట్టీ వచ్చేశాయి, తాతయ్యకి రావు. పది ఎత్తులయ్యేసరికి ఆట తేలిపోతోంది. పెద్దాయన పైకి అనరు గానీ సాయంత్రం బోర్డు తీసి, తుడిచి, మళ్ళీ లోపల పెట్టేస్తున్నారు.

గుర్రం, శకటం కలిపినట్టు నడిచే పావు ఒకటి ఉందని వాడే ఎక్కడో చూసి చెప్పాడు. ఇద్దరికీ కొత్తదైతే సమఉజ్జీగా ఆడతారేమోనని నా ఆశ. ఏ ఆటతో మొదలుపెట్టాలి? పావులు ఎక్కడ దొరుకుతాయి? వాడి అసలు ఆట పాడవదు కదా?

మంగళగిరి_గుర్రం:

అక్కా, పైచెస్ అనే సైట్ ఉంది, డబ్బులేం కట్టక్కర్లేదు. సైరవాన్, కాపాబ్లాంకా, చైనా చదరంగం, జపాన్ షోగీ అన్నీ ఆడొచ్చు. లిచెస్‌లో ఉండే అటామిక్, క్రేజీహౌస్ మీకు పనికిరావు, అక్కడ రూల్సే మారతాయి, పావులు పాతవే. తాతయ్యగారికి ఫోన్‌లో ఆడే అలవాటుంటే ఈ రోజే మొదలుపెట్టేయొచ్చు.

సత్యనారాయణపురం_మాస్టారు:

అమ్మా, నేను విజయవాడలో రైల్వేలో చేసి రిటైరయ్యాను. సాయంత్రాలు మా వీధి పిల్లలకి చెస్ నేర్పుతుంటాను. మీరడిగిన ఆట నాకు చాలా ఇష్టం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

సైరవాన్ చెస్‌తో మొదలుపెట్టండి. అమెరికా గ్రాండ్‌మాస్టర్ యాసర్ సైరవాన్, బ్రూస్ హార్పర్ కలిసి 2007లో తెచ్చారు. కొత్త బోర్డు కొనక్కర్లేదు, ఆ అరవై నాలుగు గళ్ళే. ఒక్కొక్కరికి రెండు పావులు అదనం. ఒకటి హాక్, శకటంలాగానూ గుర్రంలాగానూ కదులుతుంది. రెండోది ఎలిఫెంట్, మన ఏనుగులాగానూ గుర్రంలాగానూ కదులుతుంది. మా పిల్లలు మొదటిదాన్ని డేగ అనీ, రెండోదాన్ని ఏనుగుతో కలవకుండా గజరాజు అనీ పిలుస్తారు.

మొదట ఈ రెండూ బోర్డు బయటే ఉంటాయి. వెనక వరసలోని పావు ఏదైనా తన మొదటి ఎత్తు వేసినప్పుడు, అది ఖాళీ చేసిన గడిలో వీటిలో ఒకదాన్ని దింపొచ్చు. దింపాలనేం లేదు, మన ఇష్టం. కానీ ఆ గడికి అవకాశం ఆ ఒక్కసారే. పావు కదలకుండానే చచ్చిపోతే ఆ గడిలో దింపే హక్కు కూడా పోతుంది. అసలు మజా అంతా ఇక్కడే. గుర్రాన్ని జీ1 గడి నుంచి ఎఫ్3 గడికి తీసి జీ1లో డేగని దింపారనుకోండి. బాగానే ఉంది, కానీ అది అక్కణ్ణుంచి కదిలేదాకా ఆ పక్కకి క్యాస్లింగ్ (రాజూ ఏనుగూ ఒకే ఎత్తులో చోటు మారడం) కుదరదు. సరే, క్యాస్లింగ్ చేసేటప్పుడే దింపుదాం అని ఆగితే ఈలోపు అవతలివాడి డేగ మన ముంగిట్లో ఉంటుంది. రెండో ఎత్తుకే ఇంత ఆలోచించాలి. మీవాడు బట్టీ పట్టిన ఓపెనింగ్ ఏదీ అక్కడ అక్కరకు రాదు. తాతా మనవడూ ఒకే గీత మీద నిలబడతారు.

డేగ బలం ఏమిటో మీవాడికి చూపించండి. నల్లరాజు హెచ్8 మూలలో, తెల్ల డేగ ఎఫ్6లో, మధ్యలో జీ7 ఖాళీ. శకటం దారిలో చెక్. రాజు జీ7కి రాలేడు, అదీ ఆ దారే. జీ8, హెచ్7 రెండూ గుర్రం ఎత్తుకి అందుతాయి. ఇంకే పావు సాయమూ లేకుండా చెక్‌మేట్! మామూలు ఆటలో మంత్రి కూడా ఒంటరిగా ఈ పని చేయలేదు. అందుకే శకటానికి మూడు, గుర్రానికి మూడు, కలిపితే ఆరు అని లెక్క వేసుకోవద్దని చెప్పండి. శకటం ఒక్కటే అయితే పుట్టిన రంగు గళ్ళు దాటడం కుదరదు. గుర్రం ఎత్తు తోడయ్యేసరికి ఆ కట్టు తెగిపోతుంది. విలువ ఆరు కంటే బాగా ఎక్కువే.

ఇవి నిన్న మొన్నటి పావులు కావు. ఇటలీలో కరేరా 1617లోనే పుస్తకంలో రాశాడు. 1921 నుంచి 1927 దాకా ప్రపంచ చాంపియన్‌గా ఉన్న కాపాబ్లాంకా కూడా, పెద్ద ఆటగాళ్ళ మధ్య అన్నీ డ్రాలే అయిపోతాయన్న బెంగతో, పది గళ్ళ వెడల్పు బోర్డు మీద ఇవే రెండు పావులు పెట్టి ఆడదామన్నాడు.

ఇక పావులు. పాత ప్లాస్టిక్ సెట్ ఉంటే గుర్రం తల కోసి శకటం నడుము మీద ఫెవిక్విక్‌తో అతికించండి. అలాగే ఏనుగు మీద ఇంకోటి. మనిషికి రెండు చొప్పున నాలుగు పావులు చాలు. నేను మాత్రం కొండపల్లిలో చేయించాను. తెల్ల పొణికి కర్ర చెక్కడానికి వెన్నలా ఉంటుంది కానీ మరీ తేలిక, చెయ్యి తగిలితే పడిపోతుంది. అడుగున గుంత తొలిచి ఇనప నట్టు పెట్టి, చింతగింజల పొడీ రంపప్పొట్టూ కలిపిన మక్కుతో మూసి ఇచ్చారు. ఇప్పుడు బోర్డు మీద కదలకుండా నిలబడుతున్నాయి. ఎత్తు మంత్రికి ఒక పిసరు తక్కువ ఉండేలా చెప్పండి, లేకపోతే ఏది మంత్రో తికమక పడతారు.

పటమట_శకటం:

మాస్టారూ, మీరు చెప్పింది బాగుంది కానీ పెద్దాయనకి ఇంత బలమైన పావులతో టెన్షన్ కాదా? చెస్‌కి పూర్వరూపమైన పాత షత్రంజ్ ఆడించొచ్చుగా? అక్కడి శకటం ఐమూలగా సరిగ్గా రెండో గడికి దూకుతుంది, అంతే. మొత్తం బోర్డు మీద అది తొక్కగలిగేవి ఎనిమిది గళ్ళే. రెండు పక్షాల నాలుగు శకటాల్లో ఏ ఒక్కటీ ఇంకోదాన్ని చంపలేదు. నెమ్మదిగా, తాపీగా సాగుతుంది.

సత్యనారాయణపురం_మాస్టారు:

బాబూ, షత్రంజ్ మంచి ఆటే, నేను కాదనను. కానీ ఏడో తరగతి కుర్రాడికి బలం తగ్గిన పావులిస్తే రెండు రోజుల్లో పక్కన పడేస్తాడు. పెద్దాయనకి టెన్షన్ అంటారా, పిల్లాడికీ అదే టెన్షన్ ఉంటుంది కదా, అదే మనకు కావాల్సింది. చైనా చదరంగంలో ఫిరంగి కూడా నాకిష్టమే. ఏనుగులా నడుస్తుంది గానీ, చంపాలంటే మధ్యలో సరిగ్గా ఒక్క పావు అడ్డం ఉండాలి. దాన్ని తర్వాత చూపించొచ్చు. ఒక్కసారే నాలుగు రకాలు ముందు పెడితే ఏ పావూ చేతికి అలవాటు కాదు.

ఆట పాడవుతుందా అన్నారు కదమ్మా. టోర్నమెంట్ ముందు వారం పది రోజులు ఆపేయండి. శకటాన్ని పట్టుకుని గుర్రం ఎత్తు కోసం వెతికే పిల్లల్ని నేను చూశాను. మిగతా రోజుల్లో మేలే జరుగుతుంది. రెండు రకాల దాడిని ఒకేసారి చూడడం అలవాటవుతుంది.

బ్రోడీపేట_బంటు:

చాలా థాంక్స్ మాస్టారూ. పాత సెట్ ఉంది, ఈ ఆదివారమే గుర్రాల తలలు కోస్తాం. మా మామగారు చదివి ఒక్క డౌట్ అడగమన్నారు. క్యాస్లింగ్‌లో రాజూ ఏనుగూ రెండూ కదులుతాయి కదా, రెండు గళ్ళలోనూ రెండు పావులు దింపేయొచ్చా?

సత్యనారాయణపురం_మాస్టారు:

కుదరదమ్మా, రెండింట్లో ఏదో ఒక గడిలో, ఒక్క పావే. నేనైతే రాజు వదిలిన ఈ1లో గజరాజుని దింపుతాను, నడిమి నిలువు వరస మొత్తం దాని చేతికొస్తుంది. బంటు చివరి వరసకి చేరితే డేగగా గానీ గజరాజుగా గానీ మార్చుకోవచ్చని కూడా ఆయనకి చెప్పండి.